కాలి ఎముకలో తిత్తి ఉందన్నారా? మొదటి ఎక్స్‌రే నుంచి చివరి ఎక్స్‌రే దాకా ఏ పని ఎప్పుడు చేయాలి

తిరుపతి చుట్టుపక్కల కాలు నొప్పికి కారణం చెప్పడానికి ఎవరూ తడుముకోరు. అలిపిరి మెట్లెక్కి వచ్చారు గనుక నొప్పి, కబడ్డీలో పడ్డాడు గనుక నొప్పి, ఎదిగే వయసు గనుక నొప్పి. చాలాసార్లు అదే నిజం కూడా. వారం పది రోజుల్లో తగ్గిపోతుంది, అందరూ మరచిపోతారు. తగ్గని నొప్పి సంగతి వేరు. మోకాలికి కాస్త పైనో కిందో ఒకేచోట వారాల తరబడి సలుపుతుంది, రాత్రి నిద్రలో లేపుతుంది, చివరికి ఎక్స్‌రేలో ఎముక లోపల నల్లని ఖాళీగా బయటపడుతుంది. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి, "ఎముకలో తిత్తి ఉంది, క్యాన్సర్ కాదనుకుంటాను, కానీ వదిలేయకూడదు" అంటారు.

ఇంటికి వచ్చేసరికి ఈ మాటను ఒక్కొక్కరు ఒక్కో చోట తెంపుకుంటారు. తండ్రికి "కాదు" అన్నదే వినబడుతుంది, నిశ్చింతగా పనిలో పడతాడు. అమ్మమ్మకు "క్యాన్సర్" అన్నదే వినబడుతుంది, ఏడుపు మొదలవుతుంది. పట్టుకోవలసినవి మిగతా రెండు మాటలు: "అనుకుంటాను" అంటే ఇంకా రుజువు చేయాలి, "వదిలేయకూడదు" అంటే క్యాన్సర్ కాకపోయినా అది ఎముకను తింటుంది.

నేను ఫిజియోథెరపిస్టును. ఆపరేషన్ చేసేది సర్జన్లు, ఆ తర్వాత నిలబెట్టి నడిపించే పని మాది. ఏ దశలో ఏ పని ముందు వెనుకలైతే చివరికి కాలు ఎలా మిగులుతుందో మా గదిలో కనబడుతుంది. అందుకే ఇక్కడ మందుల పేర్లకన్నా పనుల వరుసకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు కాలును కాపాడండి

తిత్తి పెద్దదైతే చుట్టూ మిగిలిన ఎముక గుడ్డు పెంకులా పలచబడుతుంది. మామూలుగా దూకితే, మెట్టు తప్పితే, ఒక్కోసారి పక్క మీద ఒత్తిగిల్లితే కూడా విరగవచ్చు. కాబట్టి ఎక్స్‌రేలో ఖాళీ కనబడిన రోజు నుంచే ఆటలు, పరుగులు, బండి నడపడం, బరువులు మోయడం ఆపండి. తుంటి దగ్గరో తొడ ఎముకలోనో తిత్తి ఉందంటే డాక్టరును అక్కడికక్కడే అడగండి: "ఈ కాలి మీద బరువు పెట్టవచ్చా?" పెట్టకూడదంటే వెంటనే వాకరో చంక కర్రలో తెచ్చుకోవాలి, స్కానింగ్ తేదీ వచ్చేదాకా ఆగకూడదు.

ఇక మన ప్రాంతంలో తప్పించుకోలేని ప్రశ్న: పుత్తూరు కట్టు. విరిగిన ఎముకలకు ఆ కట్టు మీద ఎందరికో నమ్మకం ఉంది, ఆ వాదనలోకి నేను వెళ్లను. కానీ ఎముక లోపల గడ్డ ఉన్నప్పుడు లెక్క మారుతుంది. చిన్న దెబ్బకే ఎముక విరిగిందంటే, ఆ దెబ్బకు విరిగేంత బలహీనంగా అది ముందే ఎందుకుందని అడగాలి. ఎక్స్‌రే లేకుండా పసరు పూసి వెదురు బద్దలు బిగిస్తే ఆ ప్రశ్న కట్టు కిందే ఉండిపోతుంది. నూనె పెట్టి మర్దన చేయడం ఇంకా ప్రమాదం. లోపల ఉన్నది రక్తంతో నిండిన గడ్డయితే మర్దనతో వాపు పెరుగుతుంది, పలుచటి గోడ పగులుతుంది. ఒకేచోట వాపు, తాకితే వెచ్చదనం, రాత్రి నొప్పి ఉంటే ఎవరి చేతా కాలు పట్టించవద్దు.

ఎక్స్‌రే కూడా సరిగ్గా తీయించుకోవాలి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఎముక పూర్తిగా, పైకీలు కిందికీలు రెండూ పడేలా తీయమనండి. మోకాలు ఒక్కదానికే తీసిన ఫిల్మును చూసి తొడ మధ్యలో ఏముందో ఎవరూ చెప్పలేరు. పిల్లల్లో ఇంకో చిక్కుంది. తుంటిలో జబ్బు ఉంటే నొప్పి మోకాట్లో తెలుస్తుంది. మోకాలి ఎక్స్‌రే బాగుండి కుంటుడు తగ్గకపోతే తుంటికి కూడా తీయించండి.

ఏ రకం తిత్తో తేల్చుకోండి

"ఎముకలో నీటి గడ్డ" అని అందరూ ఒకే మాట అంటారు గాని, కాలి ఎముకల్లో ఎక్కువగా ఎదురయ్యేవి మూడు, మూడింటి నడక మూడు రకాలు.

సాధారణ తిత్తిలో పల్చటి పసుపు నీరు ఉంటుంది. పిల్లల్లో వస్తుంది, చాలావరకు నొప్పి ఉండదు, ఎముక విరిగాకే బయటపడుతుంది. విరిగి అతుక్కునే క్రమంలో కొందరికి తనంతట తానే పూడుతుంది. ఎదుగుదల ఆగేనాటికి సద్దుమణిగేవీ ఉన్నాయి. మూడింట్లో ఇదే సాధువు.

రెండోది అన్యూరిజమల్ బోన్ సిస్ట్. ఆసుపత్రుల్లో దీన్ని ఏబీసీ అంటారు. ఎక్కువగా ఇరవై ఏళ్ల లోపు వారిలో, పొడవాటి ఎముకల చివరల దగ్గర, వెన్నెముకలో వస్తుంది. లోపల గదులు గదులుగా రక్తం నిండి ఉంటుంది, ఎముకను బయటికి ఉబ్బించుకుంటూ వేగంగా పెరుగుతుంది. 1942లో జాఫీ, లిక్టెన్‌స్టెయిన్ అనే అమెరికా వైద్యులు దీన్ని విడిగా గుర్తించారు. చాలాకాలం ఇది ఎముకలో రక్త ప్రసరణ లోపం అనే అనుకున్నారు. 2004లో యూఎస్‌పీ6 అనే జన్యువులో మార్పు బయటపడ్డాక, ఇది నిజంగానే ఒక కణితి అని తేలింది. శరీరంలో మరోచోటికి పాకదు, కానీ ఉన్నచోట విధ్వంసం చేస్తుంది.

మూడోది జెయింట్ సెల్ ట్యూమర్, అంటే జీసీటీ. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వారికి, ఎదుగుదల ముగిసిన ఎముక చివర, ముఖ్యంగా మోకాలి చుట్టూ వస్తుంది. ఇది తిత్తి కాదు, గట్టి గడ్డే. అయితే దాని లోపల ఏబీసీ లాంటి రక్తపు గదులు ఏర్పడి చూసేవారిని తికమక పెడుతుంది. క్యాన్సర్ కాకపోయినా అరుదుగా ఊపిరితిత్తుల్లో కనబడుతుంది గనుక దీనికి ఛాతీ పరీక్ష తప్పదు.

వీటిని విడదీయడానికి ఎంఆర్ఐ కావాలి. ఏబీసీలో రక్తం నిలువ ఉండి, బరువైన కణాలు కిందికి దిగి పైన పల్చటి ద్రవం తేలుతుంది. స్కానింగ్‌లో ఆ రెండు పొరల మధ్య అడ్డగీతలు కనబడతాయి. రిపోర్టులో "ఫ్లూయిడ్ లెవెల్స్" అని ఉంటే ఇదే అర్థం. అయితే ఆ గీతలు కనబడినంత మాత్రాన ఏబీసీ అని ఖాయం కాదు. టెలాంజియెక్టాటిక్ ఆస్టియోసార్కోమా అనే క్యాన్సర్ కూడా స్కానింగ్‌లో అచ్చం ఇలాగే ఉంటుంది. ఈ ఒక్క కారణానికే ముక్క పరీక్ష (బయాప్సీ) దాటవేయకూడదు.

రక్తపరీక్షల్లో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేయించారో లేదో చూడండి. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే ఎముకల్లో సరిగ్గా ఇలాంటి ఖాళీలే పడతాయి. దానికి మందు మెడలో ఉంటుంది, కాల్లో కాదు. కాల్షియం ఎక్కువగా వస్తే ఆ గ్రంథి హార్మోన్‌ను కొలిచే పీటీహెచ్ పరీక్ష అడుగుతారు. ఒంట్లో ఇన్ఫెక్షన్ లాంటిది ఉందేమో సూచించే ఈఎస్ఆర్, సీఆర్పీ పరీక్షలు ఎందుకంటే ఎముకలో చీము, క్షయ కూడా ఇలా తిత్తిలా కనబడగలవు.

ముక్క పరీక్ష: ఎవరి చేత చేయించాలన్నదే అసలు విషయం

ఈ దశలోనే ఎక్కువమంది తొందరపడతారు. దగ్గరున్న ఆసుపత్రిలో సూది వేసి కాస్త నీరు లాగి పంపుతారు. రిపోర్టులో "రక్తం మాత్రమే ఉంది, నిర్ధారించలేము" అని వస్తుంది. తిత్తిలోని ద్రవం ఏమీ చెప్పదు. గోడ నుంచి, గట్టిగా ఉన్న భాగం నుంచి ముక్క రావాలి.

సూది ఎక్కడ గుచ్చారన్నదీ చిన్న సంగతి కాదు. ఒకవేళ అది క్యాన్సర్ అని తేలితే సూది వెళ్లిన దారి మొత్తాన్ని తర్వాతి ఆపరేషన్‌లో కోసి తీయాలి. తప్పు చోట పెట్టిన చిన్న గాటు కాలును కాపాడే ఆపరేషన్‌ను కష్టం చేస్తుంది. కాబట్టి ముక్క తీసేవారు, చివరి ఆపరేషన్ చేసేవారు ఒకే బృందం కావాలి. "తర్వాత ఆపరేషన్ మీరే చేస్తారా?" అని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. చేయము అంటే, చేసేవారి దగ్గరికే ముందు వెళ్లండి. ఎముక ఇప్పటికే విరిగి ఉన్నా సరే, ముక్క పరీక్ష ఫలితం రాకముందు లోపల రాడ్డు వేసేస్తామంటే ఒక్క క్షణం ఆగి, ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. లోపల క్యాన్సరే ఉంటే ఆ రాడ్డు దాన్ని ఎముక పొడవునా మోసుకుపోతుంది.

ఫలితం వచ్చాక కాగితం ఒక్కటే తెచ్చుకుని వచ్చేయకండి. మైనపు దిమ్మెలు, గాజు పలకలు ప్రయోగశాలలో ఉంటాయి. బ్లాకులు, స్లైడ్లు అని అడిగితే ఇస్తారు. రెండో అభిప్రాయానికి వేలూరో చెన్నైయో వెళ్తే అక్కడి పాథాలజిస్టు మీ రిపోర్టును కాదు, ఆ బ్లాకులనే చూస్తారు. అనుమానం తీరకపోతే యూఎస్‌పీ6 పరీక్ష కూడా వాటి మీదే చేస్తారు.

ఎక్కడికి, ఎలా

తిరుపతిలో ఎముకల వైద్యానికి టీటీడీ నడిపే బర్డ్ ఉంది, ప్రభుత్వ బోధనాసుపత్రి రుయా ఉంది, స్విమ్స్ ఉంది. చిత్తూరు, పలమనేరు వైపు వారికి వేలూరు సీఎంసీ ఇంకా దగ్గర. తిరుపతి నుంచి రైలులో వెళ్లేవారు పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడిలో దిగుతారు. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఓపీ చీటీ దగ్గరే అడగవలసింది ఒకటే: ఎముక గడ్డల ఆపరేషన్లు ప్రత్యేకంగా చూసే డాక్టరు ఏ రోజు ఉంటారు? కీళ్ల మార్పిడిలో ఎంత పేరున్న సర్జన్ అయినా ఎముక గడ్డలు ఏడాదికి ఒకటో రెండో చూస్తుంటే, ఆయనే మిమ్మల్ని మరొకరి దగ్గరికి పంపడం మంచి లక్షణం.

ఆ పంపడం ఒక్కోసారి క్యాన్సర్ విభాగానికే అవుతుంది. బోర్డు చూసి వెనక్కి తిరగవద్దు. ఎముక గడ్డల సర్జన్లు ఎక్కువగా క్యాన్సర్ విభాగాల్లోనే పనిచేస్తారు గనుక అక్కడికి పంపుతారు, రోగం పేరు మారిపోయి కాదు. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇళ్లలో ఈ బోర్డు భయం వల్లే నెలలు పోగొట్టుకుంటారు. ఆ నెలల్లో గడ్డ మోకాటి కీలు దాకా వస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించే కుటుంబమైతే రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే వెళ్లండి. ముందస్తు అనుమతి రావాలి, దానికి రోజులు పడతాయి. ఆపరేషన్ వస్తుందా అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఎంఆర్ఐ, ముక్క పరీక్ష, ప్లేటు, సిమెంటు, కృత్రిమ ఎముక పొడి వస్తాయా, మన చేతి నుంచి పడేదెంత అని విడివిడిగా అడగండి. 104కు ఫోన్ చేసినా చెబుతారు. వేరే రాష్ట్రంలో చేయించుకోవాలనుకుంటే ఆ ఆసుపత్రి పథకంలో ఉందో లేదో టికెట్టు కొనకముందే తెలుసుకోండి.

ఫిల్ములను మడవకండి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి, స్కానింగ్ సీడీకి నకలు తీయించుకోండి. మొదటి ఎక్స్‌రే పోగొట్టుకున్నవారు తర్వాత చాలా బాధపడతారు. పెరిగిందా తగ్గిందా అని చెప్పడానికి దానికి మించిన సాక్ష్యం లేదు.

వైద్యం ఎంచుకునేటప్పుడు

సాధారణ తిత్తి అని తేలి, ఎముక గోడ దళసరిగా ఉంటే ఊరికే చూస్తూ ఉండమనవచ్చు, స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయవచ్చు. అది అలసత్వం కాదు. దాని గురించి ఇంతకన్నా చెప్పనవసరం లేదు.

ఏబీసీకి, జీసీటీకి ఎక్కువగా చేసేది గీకి తీసే ఆపరేషన్. డాక్టర్లు క్యూరెటాజ్ అంటారు. గోకడం అనగానే చిన్న పని అనిపిస్తుంది గనుక లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. ఎముకకు కిటికీలా ఒక పెద్ద రంధ్రం చేస్తారు. లోపలి ప్రతి మూలా కంటికి కనబడేంత పెద్దది కావాలి. చిన్న కిటికీ పెడితే అంచు చాటున మిగిలిందే మళ్లీ పెరుగుతుంది. గరిటె లాంటి పరికరాలతో గడ్డను తోడేశాక, బర్ర్ అనే వేగంగా తిరిగే డ్రిల్లు లాంటి పరికరంతో గోడను పొరపొరగా అరగదీస్తారు. తర్వాత ఒత్తిడితో నీళ్లు కొట్టి కడుగుతారు. మిగిలిన కణాలు చావడానికి ఫినాల్ పూయడమో, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడమో, విద్యుత్తుతో కాల్చడమో చేస్తారు. ఆ తర్వాత ఖాళీని నింపాలి: తుంటి ఎముక నుంచి తీసిన ఎముకతోనో, దాత ఎముకతోనో, కృత్రిమ ఎముక పొడితోనో, సిమెంటుతోనో. అవసరమైతే ప్లేటు వేస్తారు.

సర్జన్‌ను ఇక్కడ మూడు మాటలు అడగండి. గీకిన తర్వాత బర్ర్ వాడతారా? దేనితో నింపుతారు, ఎందుకు? పిల్లలైతే, ఎదుగుదల పొరకు (ఎముక చివర దగ్గర పొడవు పెరిగే చోటుకు) గడ్డ ఎంత దూరంలో ఉంది? పెద్దవారిలో మోకాలి దగ్గరి జీసీటీకి సిమెంటు మేలు చేస్తుంది. వెంటనే బలాన్నిస్తుంది, గడ్డ తిరిగి వస్తే ఎక్స్‌రేలో సిమెంటు అంచున నల్లని గీతగా తొందరగా దొరుకుతుంది. ఎదిగే పిల్లల్లో మాత్రం ఎముకతో నింపడానికే మొగ్గుతారు. ఎదుగుదల పొర పక్కనే గడ్డ ఉంటే సర్జన్‌కు అది కత్తి మీద సాము. గట్టిగా గీకితే కాలు పొట్టి కావచ్చు, వంకర పోవచ్చు. మెల్లగా గీకితే గడ్డ తిరిగి రావచ్చు. ఏ వైపు మొగ్గుతున్నారో ముందే చెప్పించుకోండి.

ఏబీసీకి రెండో దారి ఇంజక్షన్. కాళ్లలో ఉబ్బిన సిరలకు (వెరికోస్ వెయిన్స్) వాడే పాలిడోకనాల్ అనే మందును ఎక్స్‌రే సాయంతో తిత్తి గదుల్లోకి ఎక్కిస్తారు. రక్తపు గదులు మూసుకుపోయి క్రమంగా ఎముక కడుతుంది. ఈ పద్ధతికి మన దేశంలోనే గట్టి ఆధారం ఉంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 72 మంది రోగుల ఫలితాలను 2006లో ప్రచురించారు, వారిలో అత్యధికులకు నయమైంది. కోత లేదు, కుట్లు లేవు, ఖర్చు తక్కువ. కానీ ఒక్కసారితో అయిపోదు, వారాల ఎడంతో మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఎముక కట్టేదాకా నెలల తరబడి కాలును కాపాడుకోవాలి. నేడో రేపో విరిగేలా ఉన్న తొడ ఎముకకు అంత సమయం ఉండదు. మంచి పద్ధతే, ఓపిక లేని కుటుంబానికి మాత్రం సరిపడదు. మధ్యలో మానేసినవారి కాలు మొదటికన్నా అధ్వాన్నంగా వస్తుంది.

పిక్క పక్కనుండే సన్నని ఎముక ఫిబులాలో గడ్డ ఉంటే ఆ ముక్క మొత్తాన్ని తీసేస్తామనవచ్చు. ఒళ్లు బరువును మోసేది పక్కనున్న టిబియా గనుక ఫిబులా పైభాగం లేకపోయినా నడక నిలబడుతుంది. అక్కడ భయపడవలసింది నరం గురించి. మోకాలి బయటివైపు ఆ ఎముక మెడను చుట్టుకునే నరానికి దెబ్బ తగిలితే పాదం పైకి లేవదు, వేళ్లు నేలకు తగులుతూ నడుస్తారు. ఆపరేషన్‌కు ముందు బొటనవేలు పైకి లేస్తుందో లేదో మీరే చూసి గుర్తు పెట్టుకోండి. మత్తు దిగాక మళ్లీ చూడండి. తేడా ఉంటే ఆ గంటలోనే చెప్పండి.

డెనోసుమాబ్ అనే ఇంజక్షన్ గురించి ఇంటర్నెట్‌లో చదివి అడిగేవారున్నారు. ఆపరేషన్ కష్టమైన జీసీటీలో దానికి స్థానం ఉంది. పిల్లల్లో మాత్రం మందు ఆపిన కొన్ని నెలలకు రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగవచ్చు: వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత. అనుభవమున్న నిపుణులు తప్ప వేరెవరూ మొదలుపెట్టవలసిన మందు కాదు. రేడియేషన్‌ను కూడా చివరి దాకా దూరం పెడతారు, చాలా ఏళ్ల తర్వాత అక్కడే క్యాన్సర్ రావచ్చు గనుక.

తిండి మాట: రాగి సంగటి తినండి, గుడ్డు తినండి, బలానికి మంచిది. కాళ్ల సూపు తాగితే తిత్తి పూడదు. పొగతాగే పెద్దవారు మానకపోతే ఎముక అతకడం ఆలస్యమవుతుంది. ఇది మాత్రం సూపుకన్నా పెద్ద విషయం.

ఆపరేషన్ ముందు, ఇల్లు సర్దుకోవడం

ఈ గడ్డలు రక్తంతో నిండినవి కాబట్టి రక్తదాతలను ముందే చూసుకోండి. ఆస్ప్రిన్ లాంటి మందులు, నాటు మందులు ఏవి వాడుతున్నా దాచకుండా చెప్పండి. కాలి మీద గజ్జి, పుండు, పగుళ్లలో చీము ఉంటే అది మానేదాకా ఆపరేషన్ వాయిదా పడవచ్చు. ఆ సంగతి చేరిన రోజున తెలిసేకన్నా వారం ముందు తెలిస్తే మేలు.

ఇంట్లో చూడవలసింది మరుగుదొడ్డి. ఆపరేషన్ అయిన కాలితో నెలల పాటు గొంతుక్కూర్చోలేరు. మధ్యలో రంధ్రమున్న కమోడు కుర్చీ కొనండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. మంచం మోకాలికన్నా కొంచెం ఎత్తుగా ఉండాలి. నేల మీద చాప పడకకు కొన్నాళ్లు సెలవు. గడపలు, తడి బండలు, కాలికి చుట్టుకునే పట్టాలు చూసి సర్దండి. చదువుకునే పిల్లలైతే బడిలో ముందే మాట్లాడి తరగతి గదిని కింది అంతస్తుకు మార్పించండి.

మంచం దిగిన రోజు నుంచి

మొట్టమొదటి తప్పు ప్రేమతో జరుగుతుంది: మోకాలి కింద దిండు. నొప్పిగా ఉందంటే అమ్మ మెత్తటి దిండు పెడుతుంది, పిల్లవాడికి హాయిగా ఉంటుంది, మూడు వారాల తర్వాత మోకాలు వంగిన చోటే బిగుసుకుంటుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి, మోకాలు గాలిలో చాపుకుని ఉండాలి. డాక్టరు వేరుగా చెప్పి ఉంటే వారి మాటే వినండి.

పిండికట్టు గాని పట్టీ గాని ఉంటే వేళ్ల రంగు, వెచ్చదనం రోజూ చూడండి. వేళ్లు నీలంగా మారితే, తిమ్మిరెక్కితే, మందులకు లొంగని నొప్పి పెరుగుతూ పోతే తెల్లారేదాకా ఆగవద్దు. పిక్కలో ఒకవైపు వాపు, నొప్పి, లేదా ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే. గాయం నుంచి చీము, జ్వరం ఉంటే కుట్లు విప్పే తేదీ కోసం చూడకండి.

చంక కర్రలు కొన్నాక కొలత సరిచూసుకోవాలి. నిటారుగా నిలబడితే కర్ర పైభాగానికి, చంకకు మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలి. చేతిపిడి మణికట్టు ఎత్తులో ఉంటే మోచెయ్యి కొద్దిగా వంగుతుంది. ఒంటి బరువు చేతుల మీద పడాలి, చంకల మీద కాదు. చంకలో వేలాడుతూ నడిస్తే అక్కడి నరం నలిగి చెయ్యి తిమ్మిరెక్కుతుంది, మణికట్టు జారిపోతుంది. కాలు బాగుపడేలోపు చెయ్యి పాడు చేసుకున్నవారిని చూశాను. కర్రల కింది రబ్బరు టోపీలు అరిగితే మార్చండి, వాటి ధర చాలా తక్కువ. మెట్ల దగ్గర సూత్రం ఒకటే: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్రలు, ఆపరేషన్ కాలు ముందు.

ఎంత బరువు పెట్టవచ్చో సర్జన్ చెబుతారు. కొందరికి అసలు పెట్టవద్దంటారు, కొందరికి "కొద్దిగా" అంటారు. ఆ "కొద్దిగా" ఎంతో ఎవరికీ తెలియదు. బరువు తూచే యంత్రం మీద ఆ కాలు, అదే ఎత్తున్న పలక మీద రెండో కాలు పెట్టి, చెప్పినన్ని కిలోలు చూపేదాకా మెల్లగా నొక్కండి. నాలుగైదు సార్లు చేస్తే పాదానికి ఆ ఒత్తిడి గుర్తుంటుంది. ఎముకతో నింపినవారికి అది కట్టడానికి నెలలు పడుతుంది. సిమెంటు వేసినవారు ముందే నడుస్తారు. కాబట్టి పక్క మంచం వారు నడిచారని మీరు నడవకండి.

వ్యాయామాల్లో రెండింటిని ఏ రోజూ వదలొద్దు. పాదాన్ని పైకి కిందికి ఆడించడం రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి. మోకాలిని మంచానికి నొక్కి తొడ కండరాన్ని బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టడం ఆ కండరం కరగకుండా ఉండడానికి. మోకాలు వంచడం, కాలు చాపి లేపడం సర్జన్ అనుమతి వచ్చాకే.

మొక్కుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నయమైతే నడిచి కొండెక్కిస్తామని మొక్కుకున్న తల్లిదండ్రులు ఎందరో. తలనీలాలు ఎప్పుడైనా ఇవ్వవచ్చు, బస్సులో వెళ్లి దర్శనం చేసుకోవచ్చు. అలిపిరి నుంచి ఉన్న 3,550 మెట్లు మాత్రం ఎక్స్‌రేలో ఎముక పూర్తిగా కట్టిందని సర్జన్ చెప్పాకే. శ్రీనివాసుడు తొందరపెట్టే దేవుడు కాదు.

తిరిగి వస్తుందేమో చూసుకోవడం

నొప్పి పోయి నడక వచ్చాక చాలామంది ఆసుపత్రి వైపు రారు. ఏబీసీని గీకి తీశాక తిరిగి వచ్చే అవకాశాన్ని వైద్య గ్రంథాలు సుమారు పది శాతం నుంచి ముప్పై శాతం దాకా చెబుతాయి. చిన్నపిల్లల్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. వచ్చేవాటిలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే వస్తాయి. అందుకే మామూలుగా రెండేళ్ల పాటు మూడు నాలుగు నెలలకొకసారి, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకో ఏడాదికో ఎక్స్‌రే తీస్తారు. తేదీలను గోడ క్యాలెండరు మీద రాసుకోండి. వీలైతే ప్రతిసారీ అదే చోట, అదే కోణంలో తీయించండి. నింపిన ఎముక మధ్యలోగాని అంచునగాని కొత్తగా నల్లని మచ్చ వస్తే సర్జన్ దాన్ని పాత ఫిల్ము పక్కన పెట్టి చూస్తారు. నొప్పి మొదలవడానికి ముందే ఈ మచ్చ దొరుకుతుంది, ఆ తొలిదశలో మళ్లీ గీకడమో ఇంజక్షనో సులభం.

జీసీటీ వారికి కాలితో పాటు ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు, వద్దనకండి. ఎదిగే పిల్లలైతే ప్రతిసారీ రెండు కాళ్ల పొడవు కొలిపించుకోండి. తేడా చిన్నదిగా ఉండగానే పట్టుకుంటే చెప్పు అడుగును కాస్త ఎత్తు పెంచితే సరిపోతుంది, లేదా ఎదుగుదల ఆగేలోపు రెండో కాలిలో చిన్న ఆపరేషన్‌తో సరిచేస్తారు. ఎదుగుదల ఆగాక గమనిస్తే ఎముకను కోసి సాగదీసే పెద్ద ఆపరేషన్ అవుతుంది. తిరిగి వచ్చిందని తెలిసినప్పుడు కొత్త ఆసుపత్రి వెతుక్కుంటూ వెళ్లే ముందు మొదటి ఆపరేషన్ కాగితం, అంటే ఏం తీశారు, దేనితో నింపారు, ఏ ప్లేటు వేశారు అన్న వివరాలున్న డిశ్చార్జి పత్రం, బ్లాకులు వెంట తీసుకెళ్లండి. అవి లేకుండా వెళితే కొత్త సర్జన్ మళ్లీ మొదటి ఎక్స్‌రే నుంచే మొదలుపెట్టవలసి వస్తుంది.